అనుబంధంలో అచ్చువేసిన రహస్యం

మా మండలి రహస్యాలను కాపాడే తీరు మీద బయట చాలా అపోహలున్నాయి. వాటిని తొలగించడానికే ఇది రాస్తున్నాను. నేను జలచర సమాచార మండలిలో సూపరింటెండెంటును. ఉత్తర్వులు రాయడం నా పని. మండలి ఉత్తర్వుల్లో ఎక్కడైనా "పైన పేర్కొన్న పరిస్థితుల దృష్ట్యా" అన్న మాట కనిపిస్తే అది నేను రాసిందేనని అనుకోవచ్చు. ఆ మాట లేని ఉత్తర్వు మా ఆఫీసు నుంచి ఇంతవరకు బయటికి పోలేదు.

మండలి ఏం చేస్తుందో తెలియని వాళ్ళకి ముందు ఆ సంగతి చెప్పాలి. రొయ్యల చెరువులో నీటికి గాలి ఆడాలి. మబ్బు పట్టిన రోజున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు, అంటే నీటిని చిలికే చక్రాలు, తిప్పకపోతే రొయ్య పైకి తేలిపోతుంది. ఇంకాసేపటికి చచ్చిపోతుంది. నెలల తరబడి వేసిన మేత, పడ్డ చాకిరీ అన్నీ నీళ్ళపాలవుతాయి. ఇలా జరగకుండా మండలి 'జలనేత్రం' అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ తయారు చేయించి రైతులకిచ్చింది. రైతు దాన్ని గట్టు మీది షెడ్డులో కంప్యూటర్లో పెట్టుకుంటాడు. చెరువులో ఒక పరికరం ఆక్సిజన్ చూసి చెబుతుంది. ఏలూరులో ఉన్న మా పెద్ద కంప్యూటరు ఆ మాట విని చక్రాలు తిప్పుతుంది. రైతు ఇంట్లో పడుకోవచ్చు.

అయితే రైతు కంప్యూటరు వచ్చి పలకరిస్తే, అది మనదో కాదో మా పెద్ద కంప్యూటరుకి తెలియాలి కదా. అందుకోసం ప్యాకేజీలో ఒక గుర్తు పెట్టారు. పొడవాటి అక్షరాలూ అంకెలూ కలిసిన వరస అది. కంప్యూటరు వాళ్ళు దాన్ని ఏపీఐ కీ అంటారు. మా భాషా ఉపసంఘం చాలా సమావేశాలు జరిపి దానికి 'అనువర్తన ప్రవేశ కుంచిక' అని నామకరణం చేసింది. రైతులందరికీ కలిపి ఒకటే కుంచిక. మండలి ఎవరి పట్లా పక్షపాతం చూపదు.

యర్రంశెట్టి మంగతాయారు గారు మా ఆఫీసుకి వచ్చేదాకా ఆ కుంచిక గురించి ఎవరికీ ఏ బెంగా లేదు. ఆవిడది ఆకివీడు అవతల లంకపల్లిపాలెం. భర్త పోయాక రెండు ఎకరాల చెరువు కౌలుకి తీసుకుని వనామీ రొయ్య సాగు చేస్తున్నారు. వచ్చిన పని చాలా చిన్నది. చెరువులో ఆక్సిజన్ తగ్గితే ప్యాకేజీ రైతుకి ఫోన్ చేస్తుంది. ఆవిడ చెరువు తాలూకు ఫోన్ మాత్రం ఆవిడకంటే ముందు కౌలు చేసినాయనకి పోతోంది.

"ఆయనేమో కైకలూర్లో టైర్ల కొట్టు పెట్టుకున్నారండి. నా చెరువులో గాలి తగ్గిందని ఆయనకి ఫోనెల్తందండి. ఆయన మాత్రం ఎన్నిసార్లని ఎత్తుతారండి," అన్నారావిడ నా బల్ల ముందు నిలబడి.

"నంబరు మార్చమని దరఖాస్తు పెట్టారా అమ్మా?"

"ఆయ్, పెట్టేనండి. ఎవరూ మార్చలేదండి. సరే, కంప్యూటరు నాదే కదా, నేనే మార్చుకుందామని సెట్టింగుల ఫైలు తెరిచి చూసేనండి. అందులో మీ కీ కనపడిందండి. దాని పైన 'రహస్యం, ఎవరికీ చెప్పరాదు' అని కూడా రాసుందండి. ఎవరికీ చెప్పకూడనిదంటే ముందు మీకు చెప్పాలి కదా అని బస్సెక్కి వచ్చేనండి."

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆవిడ గొంతు తగ్గించి మిగతాది కూడా చెప్పారు. ఆ ఫైల్లో చెరువు నంబరు కూడా ఉంది. తన నంబరు తీసేసి పక్క చెరువు నంబరు వేసి చూశారట. పక్కాయన చెరువు తెర మీదికొచ్చింది. ఆయన చక్రాలు తిప్పే బటనూ వచ్చింది, ఆపే బటనూ వచ్చింది.

"ఎవరి చెరువైనా ఆపెయ్యొచ్చండి బాబుగారూ. భయమేసి మూసేసేను. ఎవడైనా ఓర్వలేనివాడు చూత్తే మా బతుకులేం కావాలండి?"

ఇది నా స్థాయిలో తేలే విషయం కాదని ఆవిడని కార్యదర్శి అనంతపద్మనాభం గారి గదికి తీసుకెళ్ళాను. సంగతి వింటూనే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఆ కుంచికను నా సమక్షంలో ఉచ్చరించవద్దు," అన్నారు. "మీరు దానిని దర్శించుట వాస్తవమేనా?"

"చూసేనండి."

"పూర్తిగానా, పాక్షికంగానా?"

"మొత్తం చదివేనండి."

"చదివిన అంశమును విస్మరించుటకు మీకెంత వ్యవధి అవసరము?"

మంగతాయారు గారు నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. మరిచిపోవడానికి గడువు ఎంత అన్నది మా నిబంధనల్లో ఎక్కడా లేదు. అది తేలేదాకా ఆవిడ మీద శాఖాపరమైన విచారణ మొదలుపెట్టాలని కార్యదర్శి గారు నిర్ణయించారు. ఫోన్ నంబరు దరఖాస్తును విచారణ పూర్తయ్యేదాకా పక్కన పెట్టమన్నారు.

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది. ప్యాకేజీ తయారు చేసిన కంపెనీ తరఫున షాహీనా అనే ఇంజనీరు వచ్చింది. ఆ అమ్మాయికి తిన్నగా మాట్లాడే జబ్బు ఉంది.

"రైతు కంప్యూటర్లో దాచింది రైతుకి దొరుకుతుంది సార్. ఎంత లోపల దాచినా దొరుకుతుంది. కీని ప్యాకేజీలో పెట్టొద్దని మేం ముందే చెప్పాం," అంది.

"అన్వేషించరాదని రైతు ఒప్పంద పత్రములో స్పష్టముగా ఉన్నది," అన్నారు కార్యదర్శి గారు.

"పాత కీ ఇవాళే రద్దు చేసి, రైతుకొక కీ ఇద్దాం సార్. ఎవరి కీతో వాళ్ళ చెరువు మాత్రమే కనిపిస్తుంది. ఒకటి బయటపడితే ఆ ఒక్కటే మార్చుకుంటాం. దీనికి వారం చాలు."

కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అలా చేస్తే తర్కం మొదలవుతుందని మాకందరికీ తెలుసు.

"అమ్మాయీ, ప్రస్తుతము మండలి వద్ద ఉన్న రహస్యము ఒకటి. ఆ ఒక్కదానినే కాపాడలేక ఈ సమావేశము జరుపుకొనుచున్నాము. నీవు చెప్పినట్లు వేలాది రహస్యములను సృష్టించినచో, వాటిని ఎన్ని బీరువాలలో భద్రపరచవలెను? ఎందరు అధికారులను నియమించవలెను? రహస్యములను పెంచుట భద్రత అనిపించుకొనదు."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇక రద్దు చేద్దామంటే, ఆ కుంచికకు మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరణ జరిగింది. ఆయన్ని మళ్ళీ పిలవకుండా దాన్ని రద్దు చేయడం మర్యాద కాదు. కాబట్టి కుంచికను ఎవరూ చూడకూడదని నిషేధ ఉత్తర్వు ఇవ్వాలని తీర్మానమైంది. రాయడం నా వంతు.

ఇక్కడ మా మండలి ఆచారం ఒకటి చెప్పాలి. మేము ఏది నిషేధించినా, నిషేధించిన దాన్ని ఉత్తర్వు చివర అనుబంధంలో అక్షరం పొల్లుపోకుండా పేర్కొంటాం. వెనక ఒకసారి చెరువుల్లో ఒక మందు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చి, ఆ మందు పేరు రాయడం మరిచిపోయారు. ఆడిట్ వాళ్ళు వచ్చి, ఏది నిషేధించారో తెలియని నిషేధం ఎలా చెల్లుతుందని నిలదీశారు. అప్పటి నుంచి అనుబంధం లేని నిషేధం మా దగ్గర లేదు.

కాబట్టి కుంచికను అనుబంధంలో పొందుపరిచాను. ఒక్క అక్షరం తేడా వచ్చినా మనం నిషేధించింది వేరే కుంచిక అవుతుంది. అందుకని రెండుసార్లు సరిచూశాను. అందులో ఒకచోట సున్నా ఉంది. ఇంగ్లీషు 'ఓ' అక్షరమేమో అని జనం పొరబడే అవకాశం ఉంది. కింద ఒక వివరణ కూడా చేర్చాను: "ఆరవ స్థానములో ఉన్నది సున్నా అని గ్రహించవలెను." ఆ వివరణ బాగుందని కార్యదర్శి గారు మెచ్చుకున్నారు.

షాహీనా ముసాయిదా చదివి అనుబంధం మీద వేలు పెట్టింది.

"సార్, ఇందులో కీ ఉంది," అంది.

"ఉండవలెను. లేనిచో దేనిని చూడరాదో ప్రజలకు ఎట్లు తెలియును?"

ఉత్తర్వు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకీ అంటించారు. చదువు రాని వాళ్ళకి అన్యాయం జరగకూడదని ఆటోకి మైకు కట్టి ఊరూరా చదివించారు. "ఈ కింది కుంచికను చూచుట, వినుట, ఉచ్చరించుట నేరము," అని మొదలుపెట్టి మైకువాడు కుంచికను గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. సున్నా దగ్గర ఆగి, "ఇది సున్నా అండీ, సున్నా," అని మరీ చెప్పేవాడు.

ఆ తర్వాత ప్రతి రైతు దగ్గరా హామీ పత్రం తీసుకున్నాం. "ఈ దిగువ ముద్రించిన కుంచికను నేనెన్నడూ చూడలేదని ప్రమాణ పూర్వకముగా తెలియజేయుచున్నాను," అని దాని మీద ఉంటుంది. దిగువ కుంచిక ఉంటుంది. జనం బుద్ధిగా చదివి సంతకాలు చేశారు. ఒకాయన మాత్రం చత్వారం వల్ల దిగువ ఏముందో తనకి కనపడలేదని, కనపడనిదాని మీద సంతకం పెట్టలేనని మొండికేశాడు. ఆయనకి పెద్ద అక్షరాల పత్రం వేయించి ఇచ్చాం.

నెల తిరిగేసరికి క్షేత్రస్థాయి నివేదికలు వచ్చాయి. కుంచిక టీకొట్టు వాళ్ళకి తెలుసు. ఆర్టీసీ కండక్టర్లకి తెలుసు. ఐసు ఫ్యాక్టరీలో గంపలెత్తే వాళ్ళకీ తెలుసు. ఆకివీడులో ఒక పెళ్ళిలో వియ్యాలవారిని ఆటపట్టించడానికి ఆడవాళ్ళు దాన్ని పాటలా పాడారట. ఇవన్నీ పట్టుకుని నేను కార్యదర్శి గారి గదికి పరిగెత్తాను. కార్యదర్శి గారు మాత్రం చలించలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రహస్యమనగా నేమి?" అని అడిగారు.

ఆయనే జవాబు చెప్పారు.

"అధికారము లేని వారికి తెలియనిది రహస్యము. అందుచేత, తెలిసిన వారందరికీ అధికారము కల్పించినచో, అధికారము లేని వారెవ్వరికీ అది తెలియనట్లే. రహస్యము తిరిగి రహస్యమగును."

ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రంగా ముగిసిన తర్కం నేను వినలేదు. వారం తిరక్కుండానే 'అధీకృత గోప్యధారి' కార్డులు అచ్చయ్యాయి. మెడలో వేసుకోవడానికి నీలం తాడు కూడా ఇచ్చాం. రైతులు, వాళ్ళ ఇళ్ళ వాళ్ళు, చెరువు కూలీలు, కండక్టర్లు, టీకొట్టు వాళ్ళు, మైకు ఆటో డ్రైవరు, పెళ్ళిలో పాట పాడిన ఆడవాళ్ళు అందరూ గోప్యధారులయ్యారు. మా పరిధిలో అధికారం లేకుండా కుంచిక తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. విచారణలో ఉన్న వాళ్ళకి కార్డు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆవిడ మంగతాయారు గారు.

అధికారం లేని మనిషి దగ్గర కుంచిక ఉన్న ప్యాకేజీ ఉంచడం ప్రమాదం. దాన్ని తీసేయడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని నేనే లంకపల్లిపాలెం వెళ్ళాను. ఆవిడ షెడ్డు ముందు కూర్చుని మేత బస్తా మూతి విప్పుతున్నారు. మా వాళ్ళు కంప్యూటర్లో ప్యాకేజీ చెరిపేశారు. చెరువులోంచి పరికరం పీకి జీపులో వేశారు. ఆవిడ అడ్డు చెప్పలేదు.

"నెలాఖరుకి రొయ్య పట్టుబడండి," అన్నారు. "ఇప్పటిదాకా పెట్టిందంతా ఈ చెరువులోనే ఉందండి. నాకింకేం లేదు. మరి చక్రాలెవరు తిప్పుతారండి?"

"స్టార్టరు ఉంది కదమ్మా. చేత్తో వేసుకోవచ్చు."

"ఉందండి. అంటే ఇక నేను గట్టు దిగకూడదన్నమాట."

అంతే అన్నారు. ఇంట్లోంచి నులకమంచం తెప్పించి స్టార్టరు పెట్టె పక్కనే వేయించుకున్నారు. పక్క చెరువుల వాళ్ళు మెడలో నీలం తాళ్ళతో వచ్చి, ఏమైందని దూరం నుంచే అడిగి వెళ్ళిపోయారు. నాకు చాలా బాధ కలిగింది. ఆ బాధ రాయడానికి తనిఖీ నివేదికలో గడి లేదు. "ప్యాకేజీ స్వాధీనము, ప్రతిఘటన లేదు" అని రాశాను.

గోప్యధారులు అంతమంది అయ్యాక వాళ్ళ చేత ప్రమాణం చేయించకపోతే బాగుండదు. ఏలూరులో పెద్ద కల్యాణ మండపం తీసుకున్నాం. సామూహిక గోప్యతా ప్రమాణ స్వీకారానికి గోప్యధారులందరూ సకుటుంబంగా, కూలీలతో సహా తప్పక హాజరు కావాలని, రాని వాళ్ళ కార్డు రద్దవుతుందని ఉత్తర్వు పంపాను. బస్సులు కూడా మండలే వేసింది. తెల్లవారేసరికి ఊళ్ళకి ఊళ్ళు బస్సులెక్కేశాయి. ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశం నల్లగా మూసుకుపోయి ఉంది. చెరువులకి చెడ్డ రోజని రైతులు బస్సుల్లో అనుకుంటూనే ఉన్నారు. అయినా జలనేత్రం చూసుకుంటుందని ధైర్యంగా ఉన్నారు.

ప్రమాణం చక్కగా జరిగింది. చేతులు చాచి అందరూ ఒక్క గొంతుతో, ఈ కుంచికను ఎవరికీ చెప్పమని పలికారు. ఏ కుంచికో స్పష్టంగా ఉండాలి కనుక దాన్ని కూడా ఒక్క గొంతుతో పలికారు. తర్వాత కార్యదర్శి గారు ప్రసంగించారు. కుంచిక దుర్వినియోగమైతే ఎంత అనర్థమో మాటల్లో చెబితే తెలియదని, స్వయంగా చూపిస్తానని వేదిక మీది కంప్యూటరు దగ్గరికి నడిచారు. వెనక తెర మీద జిల్లాలోని చెరువులన్నీ పచ్చని చుక్కలుగా కనిపించాయి.

"ఎవడో ఒక దుర్మార్గుడు ఇట్లు కుంచికను ప్రవేశపెట్టి, ఇట్లు 'సమస్తము నిలుపుము' అను బటనును నొక్కినాడనుకొనుడు," అని నొక్కారు.

చుక్కలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. హాలంతా చప్పట్లు కొట్టారు. వెంటనే తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. షాహీనా పరుగున వేదిక ఎక్కింది.

"సార్, ఒకేసారి అన్ని చెరువులూ ఆపేసరికి సిస్టం అనుమానపడింది. కీని రద్దు చేసేసింది. ఇక దీంతో ఏదీ మళ్ళీ వేయలేం."

"చూచితిరా," అన్నారు కార్యదర్శి గారు మైకులో. "దుర్వినియోగమును వ్యవస్థ తనంతట తానే గుర్తించినది. మన భద్రత అభేద్యము."

ఈసారి చప్పట్లు అక్కడక్కడే పడ్డాయి. వెనక వరసలోంచి ఒక రైతు లేచి, "మరి మా చక్రాలండీ?" అన్నాడు. కొత్త కుంచిక కావాలంటే మండలి తీర్మానం ఉండాలి. తీర్మానం కావాలంటే సభ్యులకి వారం ముందు నోటీసు వెళ్ళాలి. ఈ సంగతి కార్యదర్శి గారు వివరిస్తుండగానే హాలు ఖాళీ అవడం మొదలైంది. బస్సు డ్రైవర్లు భోజనాల దగ్గరున్నారు. ఇళ్ళకి ఫోన్ చేద్దామంటే ఇళ్ళల్లో ఎవరూ లేరు. అందరూ ఈ హాల్లోనే ఉన్నారు. సకుటుంబంగా, కూలీలతో సహా అని రాసింది నేనే.

లంకపల్లిపాలెం వాళ్ళు మాత్రం మంగతాయారు గారికి ఫోన్ చేశారు. ఆ ఊళ్ళో గట్టు మీద మిగిలిన మనిషి ఆవిడొక్కరే. ఆవిడ తన చక్రాలు అప్పటికే వేసుకుని ఉన్నారు. ఫోన్ రాగానే గట్ల మీద పడి పరిగెత్తుతూ, ఇటు రెండు చెరువులు, అటు మూడు చెరువుల స్టార్టర్లు చేత్తో వేశారు. వానకి గట్లు జారుతున్నాయి. ఆరో చెరువు దగ్గరికి వెళ్ళేసరికి రొయ్య పైకి తేలిపోయి ఉందట. అక్కడే కూలబడి ఏడ్చానని తర్వాత నాతో చెప్పారు.

మేము చేరేసరికి అంతా అయిపోయింది. ఎటు చూసినా చెరువుల మీద తెల్లగా రొయ్యలే. పొద్దున ప్రమాణం చేసిన మనుషులు నీలం తాళ్ళు మెడలో వేలాడుతుండగా గట్ల మీద నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ వాసన నా బట్టల్లోంచి చాలా రోజులు పోలేదు. నాకు ఇప్పటికీ రొయ్య నోటికి ఎక్కడం లేదు.

విచారణ సంఘానికి కార్యదర్శి గారే అధ్యక్షత వహించారు. ఆ రోజు బటను నొక్కింది అధీకృత గోప్యధారి. నొక్కింది అధీకృతమైన కుంచికతో. కనుక దుర్వినియోగం జరగలేదని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. అయితే ఏదో ఒక తప్పు దొరక్కుండా విచారణ ముగించడం మా ఆనవాయితీ కాదు. వెతగ్గా, ఆ రోజు జిల్లా మొత్తం మీద అధికారం లేకుండా జరిగిన పని ఒకటి దొరికింది. కార్డు లేని ఒక వ్యక్తి కుంచిక లేకుండా తన చెరువులోనూ, ఇతరుల చెరువుల్లోనూ ఏరేటర్లు నడిపింది.

చెరువులన్నీ చచ్చిపోతే ఆమె చెరువు, దాని చుట్టుపక్కలవి మాత్రం ఎలా బతికాయో సంజాయిషీ ఇవ్వాలని నోటీసు రాశాను. మంగతాయారు గారు ఆఫీసుకొచ్చి, సంజాయిషీ తను చెబుతానని, నన్ను రాసుకోమని అన్నారు.

"గట్టు మీద నేనున్నానండి. అంతేనండి. ఇంకేం రాత్తారు?"

అదే రాసి పెట్టాను. కార్యదర్శి గారు దాన్ని మూడు నాలుగు సార్లు చదివారు.

"ఈమె ఏరేటర్లను దేనితో నడిపినది?"

"స్టార్టరుతో అండి. చేత్తో."

"ఆ స్టార్టరునకు కుంచిక ఉన్నదా?"

"లేదండి. ఆకుపచ్చ మీట నొక్కితే తిరుగుతాయి. ఎర్ర మీట నొక్కితే ఆగుతాయి."

"దారిన పోవు వారెవరైనను నొక్కవచ్చునా?"

"నొక్కొచ్చండి."

ఇంతకాలం కుంచికను కాపాడుతూ, ఏ కుంచికా అక్కర్లేని ఇంత పెద్ద దారిని మండలి గమనించలేదని ఆయన నిజంగా కుమిలిపోయారు. వెంటనే ఆ స్టార్టరుకి లక్క సీలు వేయాలని ఆదేశించారు. ముందుగా ఆమెది. తర్వాత మిగిలినవి. ఆ పని చేయాల్సింది నేను.

సీలు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క పూట చక్రాలు ఆగితే చాలు. పట్టుబడికి ఇంకా వారం ఉంది. ఆ మధ్యాహ్నం నా కుర్చీలో కూర్చుని మా నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచీ తిరగేశాను. సీలు వేసే ముందు సంబంధిత వ్యక్తికి విధిగా సమాచారం ఇవ్వాలని ఒకచోట ఉంది. నిబంధన ఉల్లంఘించడం నాకు చేతకాదు. అక్కడికక్కడే ఫోన్ తీసి, ఆవిడ సొంత నంబరుకే చేశాను.

"రేపు పొద్దున సీలు వేయడానికి వస్తున్నానమ్మా. ఇది అధికారిక సమాచారం. రేపు పొద్దున, పదింటికి."

ఆవిడ వేళ ఇంకోసారి అడిగారు.

"పదింటికా అండి?"

"పదింటికేనమ్మా. అంతకు ముందు రాను. పక్క చెరువుల వాళ్ళకి కూడా మీరే చెప్పండి. వాళ్ళకి విడిగా ఫోన్ చేయడం నాకు కుదరదు."

"అలాగేనండి," అన్నారు. ఆ వెంటనే వలల సంగతీ, ఐసు లారీ సంగతీ ఎవరికో కేకవేసి చెప్పడం వినిపించింది. ఫోన్ పెట్టేయడం మరిచిపోయినట్టున్నారు. నేనే పెట్టేశాను.

మర్నాడు పదింటికి లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర పట్టుకుని వెళ్ళాను. చెరువులో నీళ్ళు లేవు. తూములోంచి చివరి నీరు బురదలో పాములా పాకి పోతోంది. గట్టు మీద వలలు ఆరేసి ఉన్నాయి. రోడ్డు మీద ఐసు లారీల చక్రాల జాడలు తడిగా ఉన్నాయి. చుట్టూ ఉన్న అయిదు చెరువులూ అంతే. ప్రాణంతో ఉన్న రొయ్య కోసం జిల్లా అంతా గాలిస్తున్న వ్యాపారులు తెల్లారకముందే వచ్చి నిలబడ్డారట. వారం ముందు పట్టినందుకు రొయ్య కాస్త చిన్నగా ఉందని ఎవరూ పేచీ పెట్టలేదట.

మంగతాయారు గారు బురద కాళ్ళతోనే ఎదురొచ్చారు. ఒళ్ళంతా అలిసిపోయి ఉంది. అయినా మొహంలో నేనెప్పుడూ చూడని తేట ఉంది.

"రండి సూపర్నెంటు గారూ. ఎక్కడేత్తారో ఏసుకోండి."

స్టార్టరు పెట్టె మూసి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి ముద్ర వేశాను. ఆవిడ కొవ్వొత్తికి గాలి తగలకుండా చేతులు అడ్డం పెట్టారు.

"ఇది మళ్ళీ ఎప్పుడు తీత్తారండి?"

"తీసే ఉత్తర్వు ఇంకా రాయలేదమ్మా."

"రాసేది మీరే కదండీ," అన్నారు. కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అన్నారు. నేను ముద్ర తుడిచి సంచిలో వేసుకున్నాను. నులకమంచం ఎత్తించి ఆటో పైన వేసుకుని ఆవిడ వెళ్ళిపోయారు.

నేను ఫొటో తీసి నివేదిక పంపాను. సదరు చెరువులో కుంచిక లేదు, ప్యాకేజీ లేదు, పరికరం లేదు, స్టార్టరు సీలులో ఉంది, ఎవరూ ఏదీ నడపలేరు, భద్రత సంపూర్ణం అని రాశాను. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నీళ్ళూ రొయ్యలూ లేవన్న సంగతి రాయడానికి గడి లేదు.

కార్యదర్శి గారు నివేదిక చదివి చాలా సంతోషించారు. మండలి చరిత్రలో సంపూర్ణ భద్రత సాధించిన చెరువు ఇదే మొదటిదని సమావేశంలో ప్రకటించారు. మా పరిధిలోని మిగతా చెరువులన్నిటినీ ఏడాది తిరిగేలోగా ఇదే స్థాయికి తీసుకురావాలని తీర్మానం చేశారు. ఆ ఉత్తర్వు రాసే పని నాకే అప్పగించారు. "పైన పేర్కొన్న పరిస్థితుల దృష్ట్యా" అని మొదలుపెట్టి మూడు రోజులైంది. ఆ తర్వాత మాట రావడం లేదు.